బడి బయట నేర్చిన చదువుకు క్రెడిట్: సిక్కోలు, విజయనగరం వారికి ఏ దారి ఎవరికి నప్పుతుంది

గల్ఫ్‌లో పదేళ్లు పైపు వెల్డింగు చేసి సోంపేట తిరిగొచ్చిన మనిషికి ఆ పని వచ్చునని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. ఎచ్చెర్లలో డిగ్రీ చదువుతూ ఫోన్లోనే పైథాన్ నేర్చేసుకున్న కుర్రాడి మార్కుల మెమోలో దాని ఊసే ఉండదు. ఇంటర్ మధ్యలో ఆపేసి, పెళ్లయ్యాక రాజాంలో కుట్టుమెషిను మీద ఇల్లు నడుపుతున్న ఆమె పదిమంది ఆడపిల్లలకు పని నేర్పింది, కానీ దరఖాస్తు ఫారంలో చదువు అన్న గడి దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుంది. మన రెండు జిల్లాల్లో ఇలాంటివాళ్లు ఇంటికొకరు ఉంటారు. వీళ్లకు దారులు లేకపోలేదు, ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఎటొచ్చీ ఎవరికి ఏది పనికొస్తుందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. అందువల్ల పక్కింటి అబ్బాయి చేరిన దాంట్లోనే చేరి, ఏడాది తర్వాత ఆ కాగితాన్ని ఎవరూ పుచ్చుకోక బాధపడుతున్నారు.

కాబట్టి వెతుకులాట సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల దగ్గర మొదలుపెట్టకండి, పుచ్చుకునేవాళ్ల దగ్గర మొదలుపెట్టండి. మీరు రేపు ఆ కాగితం పట్టుకెళ్లి ఎవరి బల్ల మీద పెట్టబోతున్నారు? కాలేజీ ప్రిన్సిపాల్ బల్ల మీదా, ఫ్యాక్టరీ మేనేజరు బల్ల మీదా, సర్కారు ఉద్యోగానికి సర్టిఫికెట్లు పరిశీలించే అధికారి బల్ల మీదా? ఇది తేలితే సగం దారులు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు, మీకు కావాల్సింది క్రెడిటా, ప్రవేశమా, అర్హతా? ఈ మూడూ వేర్వేరు. క్రెడిట్ అంటే ఇప్పటికే డిగ్రీలో ఉన్నవారికి ఒక పేపరు భారం తగ్గడం, లేదా మెమోలో అదనంగా చేరడం. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం 30 గంటల నేర్చుకోవడాన్ని ఒక క్రెడిట్‌గా లెక్కగడతారు. అలా ఏడాదికి 40 క్రెడిట్లు. ప్రవేశం అంటే మీకున్న అనుభవాన్నో పాత చదువునో చూసి పైమెట్టు నుంచి చేర్చుకోవడం, మొదటి ఏడాది చదవక్కర్లేకుండా నేరుగా రెండో ఏడాదిలో కూర్చోవడం లాంటిది. అర్హత అంటే నోటిఫికేషన్‌లో అడిగిన కాగితం చేతిలో ఉండటం. కుట్టుపని ఆమెకు కావాల్సింది అర్హత. ఎచ్చెర్ల కుర్రాడికి క్రెడిట్. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఒకరు తప్పకుండా నష్టపోతారు.

తర్వాత పరీక్ష ఏ తీరున ఉంటుందో చూసుకోవాలి. చేతిపని చూసి మార్కు వేస్తారా, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఇంగ్లీషు ప్రశ్నలకు జవాబు నొక్కమంటారా? పనిలో ఉద్దండులైనవాళ్లు కూడా రెండో దాని దగ్గర తడబడతారు.

ఇక దూరం. ఇచ్ఛాపురం నుంచి విశాఖ వెళ్లాలంటే 200 కిలోమీటర్లు దాటుతుంది. పరీక్ష పొద్దున్నే ఉంటే ముందురోజు రాత్రే బయల్దేరాలి. రెండు రోజుల కూలీ, రానుపోను ఛార్జీలు, ఆడపిల్ల అయితే తోడు మనిషి ఖర్చు. పరీక్ష ఫీజు కన్నా ఇది ఎక్కువైన సందర్భాలే ఎక్కువ. చివరగా గడువు: మీ క్రెడిట్లను దాచిపెట్టే ఆన్‌లైన్ ఖాతా, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో పడ్డ క్రెడిట్లు 7 ఏళ్ల వరకే చెల్లుతాయి.

| దారి | పరీక్షించేది ఎవరు | చేతికొచ్చేది | ఖర్చు తీరు | ఎవరికి |
|---|---|---|---|---|
| స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు | ఐఐటీల వంటి జాతీయ సంస్థలు, నేరుగా సెంటర్లో పరీక్ష | డిగ్రీలో కలిసే క్రెడిట్ | పాఠం ఉచితం, పరీక్షకు ఫీజు | ఇప్పుడు డిగ్రీ, బీటెక్ చదువుతున్నవారు |
| డిగ్రీలోని ఇంటర్న్‌షిప్, సామాజిక సేవా ప్రాజెక్టు | మీ కాలేజీయే | తప్పనిసరి క్రెడిట్లు | ఫీజు లేదు, రోజులు వెచ్చించాలి | డిగ్రీ విద్యార్థులందరూ |
| ప్రైవేటు అభ్యర్థిగా ఐటీఐ పరీక్ష | శిక్షణ డైరెక్టరేట్ జనరల్ | జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ | పరీక్ష ఫీజు | అనుభవం ఉన్న పనివాళ్లు |
| ఆర్‌పీఎల్ (ముందే ఉన్న నైపుణ్యానికి గుర్తింపు) | సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అసెసర్ | నైపుణ్య సర్టిఫికెట్ | సర్కారు పథకంలో ఉచితం | వెంటనే పని వెతుక్కునేవారు |
| ఓపెన్ స్కూల్ | ఏపీ ఓపెన్ స్కూల్ లేదా ఎన్‌ఐఓఎస్ | టెన్త్, ఇంటర్ | తక్కువ | చదువు మధ్యలో ఆగినవారు |
| దూరవిద్య డిగ్రీ | ఇగ్నో, ఆంధ్రా విశ్వవిద్యాలయం | డిగ్రీ | ఏడాదికోసారి ఫీజు | పని మానలేనివారు |

## స్వయం: విషయం తెలిసినవాళ్లే తప్పే చోటు

2017 జులైలో మొదలైన స్వయం వేదికలో కోర్సులు ఉచితం. ఇంజినీరింగు, సైన్సు పాఠాలు ఎక్కువగా ఎన్‌పీటీఈఎల్ కింద ఐఐటీ ప్రొఫెసర్లు చెబుతారు. ఆర్ట్స్, కామర్స్ పాఠాలు యూజీసీ, ఇగ్నో వంటి సంస్థల నుంచి వస్తాయి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేసుకోనివ్వొచ్చు. ఎన్‌పీటీఈఎల్‌లో 4 వారాల కోర్సుకు 1 క్రెడిట్, 8 వారాలకు 2, 12 వారాలకు 3.

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది. ఎన్‌పీటీఈఎల్‌లో సర్టిఫికెట్ రావాలంటే వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25కు కనీసం 10, సెంటర్లో రాసే పరీక్షకు 75కు కనీసం 30 రావాలి. రెండూ విడివిడిగా రావాల్సిందే. పైథాన్ బాగా వచ్చిన కుర్రాడు 'ఇదంతా నాకు తెలిసిందే కదా' అని అసైన్‌మెంట్లు వదిలేసి నేరుగా పరీక్షకు వెళ్తాడు. 75కు 70 తెచ్చుకున్నా సర్టిఫికెట్ రాదు. 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లకు బాగా వచ్చిన 8నే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఒకటి రెండు తప్పినా పర్లేదు, మొత్తానికి వదిలేస్తే మాత్రం దారి మూసుకున్నట్టే. విషయం తెలిసినవారికి ఒక్కో అసైన్‌మెంటు పెద్ద పనేం కాదు. ఆదివారం సాయంత్రం కూర్చుని పెట్టేస్తే అయిపోతుంది.

రెండో తప్పు నమోదు దగ్గర. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు కావడం వేరు. చేరడం ఉచితం కాబట్టి అక్కడితో అంతా అయిపోయిందనుకుంటారు. పరీక్షకు విడిగా ఫారం నింపి ఫీజు కట్టాలి. ఎన్‌పీటీఈఎల్‌లో ఇది కోర్సుకు 1000 రూపాయలుగా ఉంటూ వచ్చింది, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు సగమే. ఫారంలో పరీక్ష ఊళ్ల జాబితా ఉంటుంది. మీకు దగ్గరి ఊళ్లో సీట్లు నిండకముందే ఫారం పెట్టేయండి. ఆలస్యం చేసినవాళ్లే రాత్రి రైలెక్కాల్సి వస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: మీ కాలేజీ ఒప్పుకోవాలి. ఏ కోర్సు ఏ పేపరుకు బదులవుతుందన్నది విశ్వవిద్యాలయ నిబంధనలు, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అయితే దాని బోర్డు తీర్మానం చెబుతాయి. శ్రీకాకుళం అంబేద్కర్ విశ్వవిద్యాలయం కింది డిగ్రీ కాలేజీ, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ కింది ఇంజినీరింగ్ కాలేజీ, ఆంధ్రా విశ్వవిద్యాలయం కింద దూరవిద్య చదివే మనిషి: ఒక్కొక్కరి సంగతి ఒక్కో తీరు. బీటెక్‌లో ఆనర్స్, మైనర్ డిగ్రీలకు కావాల్సిన అదనపు క్రెడిట్లలో ఆన్‌లైన్ కోర్సులకు చోటుంటుంది. మామూలు పేపరుకు బదులు అడిగితే అంత తేలిగ్గా ఒప్పుకోకపోవచ్చు. నోటిమాటగా 'చూద్దాంలే' అంటే ఊరుకోకండి. ఇలా రాసి ఇవ్వండి:

> ప్రిన్సిపాల్ గారికి నమస్కారాలు. నేను మన కళాశాలలో బీఎస్సీ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. స్వయం వేదికలో జులై సెమిస్టర్‌కు ఫలానా కోర్సులో చేరుతున్నాను. ఇది 12 వారాలు, 3 క్రెడిట్లు. దీన్ని మన సిలబస్‌లోని ఫలానా పేపరుకు బదులుగా తీసుకుంటారా, అదనపు క్రెడిట్లుగానే చూస్తారా అన్నది రాతపూర్వకంగా తెలియజేయగలరు. కోర్సు సిలబస్ జతపరిచాను.

ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. కోర్సు మొదలవకముందే ఈ పని కావాలి. అయిపోయాక అడిగితే ఒప్పుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు.

యూట్యూబులో నేర్చుకున్నది, ప్రైవేటు యాప్‌లు ఇచ్చే సర్టిఫికెట్లు, ఊళ్లోని కంప్యూటర్ సెంటరు ఇచ్చే లామినేషన్ కాగితం: ఇవి ఉద్యోగానికి పంపే బయోడేటాలో రాసుకోవచ్చు. వాటంతట అవి క్రెడిట్ కావు. ఆ తెలివితేటల్ని క్రెడిట్ చేసుకోవాలంటే స్వయం పరీక్ష లాంటి గుర్తింపున్న పరీక్షలోంచి వెళ్లాల్సిందే.

## డిగ్రీలోనే ఉన్న గని

2020-21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత సెలవుల్లో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత చిన్న ఇంటర్న్‌షిప్, ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టర్ పొడుగునా ఇంటర్న్‌షిప్. మొదటి రెండింటికీ నాలుగేసి క్రెడిట్లు, ఆఖరిదానికి 12. అంటే తరగతి గది బయట నేర్చుకున్నదానికి సర్కారే ఇప్పటికే 20 క్రెడిట్లు పక్కన పెట్టింది. చాలామంది దీన్ని ఎవరో ఒకరి సంతకంతో అయిపోయే పనిగా చూస్తున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. తండ్రి కొట్లో లెక్కలు చూసే పిల్ల, మేనమామ దగ్గర మోటారు వైండింగు నేర్చుకున్న పిల్లాడు, పలాస జీడి కార్ఖానాలో అమ్మతో కలిసి పనిచేసిన అమ్మాయి తమకు తెలిసింది బల్ల మీద పెట్టుకోగలిగే చోటు ఇదొక్కటే.

లాగ్‌బుక్కులో రోజుకొక గడి ఉంటుంది. ఆ రోజు చేసిన పని, నేర్చుకున్నది, ఇన్‌ఛార్జి సంతకం. 'జీడిపప్పు గ్రేడింగు పరిశీలించాను' అని రాస్తే దాని విలువ అంతే. 'డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 పప్పులు. ఈ రోజు ఒక పౌను తూచి లెక్కపెట్టాను, బద్దలు ఏరి వేరు చేశాను. బద్ద కలిస్తే ధర తగ్గుతుంది కనుక ఏరేవారి చూపు ముఖ్యమని తెలిసింది' అని రాస్తే వైవాలో ఏ లెక్చరరైనా ఆగి వింటారు. మీకు ముందే తెలిసిన పనినే ఎంచుకోండి, అందులో మీకు తెలియని ఒక మూల వెతకండి. కొత్త పని కోసం విశాఖ పరుగెత్తడం కన్నా ఇది మేలు. ఒక నష్టం లేకపోలేదు: కార్పొరేట్ ఉద్యోగం కోరుకునేవారికి బయోడేటాలో పైడిభీమవరం ఫార్మా కంపెనీ పేరు ఉన్నంత బరువు నాన్న కొట్టు పేరుకు ఉండదు. అలాంటివారు రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ ఇంటి పనిలో చేసి, 12 క్రెడిట్లున్న ఆఖరిదాన్ని కంపెనీకి దాచుకోవచ్చు.

ఎన్‌సీసీని కూడా క్రెడిట్ కోర్సుగా తీసుకునే వీలు యూజీసీ కల్పించింది. మీ కాలేజీలో యూనిట్ ఉంటే అడగండి.

## చేతిపని ఉన్నవారికి: ఐటీఐ పరీక్షా, ఆర్‌పీఎల్‌ పత్రమా

ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు, ఎందుకంటే రెండూ 'పని వచ్చని చూపిస్తే సర్టిఫికెట్' అంటాయి. కానీ ఆ రెండు కాగితాల ఆయుష్షు ఒకటి కాదు.

ఆర్‌పీఎల్ అంటే ముందే ఉన్న నైపుణ్యానికి గుర్తింపు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద ఇది చాలా చోట్ల జరిగింది. కొద్ది గంటల ఓరియెంటేషన్, తర్వాత అసెసర్ వచ్చి పని చేయించి, నాలుగు ప్రశ్నలడిగి, మార్కులు వేస్తారు. తెలుగులో మాట్లాడి నెగ్గుకురావచ్చు. త్వరగా అయిపోతుంది. సర్కారు పథకంలో మీ చేతి డబ్బు అక్కర్లేదు, ఎవరైనా రిజిస్ట్రేషన్ అని డబ్బడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మరి లోటు ఎక్కడ? పరీక్ష ముందే రాసిపెట్టిన అంశాల జాబితా ప్రకారం జరుగుతుంది. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజను, నలకను విడదీసే అమ్మ చేతిలో ఏళ్ల తరబడి కుదిరిన ఒడుపు ఉంది. పళ్లు ఎంత వాలుగా పట్టాలో, దూది ఏ పాటి మెత్తనయ్యాక ఆపాలో ఆమె వేళ్లకు తెలుసు. అసెసర్ జాబితాలో ఆ పనికి వరుస ఉంటేనే ఆమెకు మార్కు. లేకపోతే మామూలు నూలు పనిలో ఆమె కూడా అందరిలో ఒకరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణ చేసేవారిదీ ఇదే సంగతి.

ఆర్‌పీఎల్ పత్రం చూపితే డిగ్రీలో పేపరు తగ్గిస్తారా? జాతీయ క్రెడిట్ విధానంలో నైపుణ్యానికి కూడా క్రెడిట్ కట్టాలని ఉంది, యూజీసీ కూడా ఆ దిశగా మార్గదర్శకాల ముసాయిదా తెచ్చింది. అయినా మన ప్రాంతపు కాలేజీ ఆఫీసుల్లో ఆ పద్ధతి ఇంకా వేళ్లూనుకోలేదు. ఈ రోజు ఆ పత్రాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర చూపించడానికే తీసుకోండి, డిగ్రీ మీద ఆశతో తీసుకోవద్దు.

ఐటీఐ పరీక్ష వేరే బరువున్నది. ఐటీఐలో కూర్చుని చదవకపోయినా, ఆ ట్రేడులో కనీసం మూడేళ్లు పనిచేసిన అనుభవం ఉన్నవారు ప్రైవేటు అభ్యర్థిగా అఖిల భారత ట్రేడ్ టెస్టు రాయొచ్చు. నెగ్గితే ఐటీఐ విద్యార్థికి వచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్టే మీకూ వస్తుంది. రైల్వే, షిప్‌యార్డు, విద్యుత్తు సంస్థల నోటిఫికేషన్లు అడిగేది ఈ కాగితాన్నే. కష్టం ఏమిటంటే థియరీ కంప్యూటరు మీద రాయాలి. లెక్కలు, డ్రాయింగు కూడా ఉంటాయి. పదేళ్లుగా పుస్తకం ముట్టని వెల్డరు ఆరు నెలలు ముందు నుంచే సాయంత్రాలు కూర్చోవాలి. ఈ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో జిల్లా ప్రభుత్వ ఐటీఐలో అడిగి పెట్టుకోండి.

ఇంకా ముఖ్యం: అనుభవ పత్రం. గల్ఫ్ నుంచి తిరిగొచ్చేవారు జీతం సెటిల్‌మెంటు మీద పెట్టిన శ్రద్ధ దీని మీద పెట్టరు. విమానం ఎక్కకముందే కంపెనీ లెటర్‌హెడ్ మీద మీ ట్రేడు పేరు, చేరిన తేదీ, మానిన తేదీ, చేసిన వెల్డింగు రకం, సంతకం పెట్టినవారి హోదా రాయించుకోండి. 'కార్మికుడు' అని రాస్తే పనికిరాదు. ఏ పని కార్మికుడో ఉండాలి. సోంపేట, కవిటి, కంచిలి వైపు ఈ మాట ఎంత ఎక్కువమంది చెవిన పడితే అంత మంచిది.

ఈ దారిలో ఇంకో లాభం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. టెన్త్ ఉండి, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి రెండేళ్ల ట్రేడులో సర్టిఫికెట్ ఉన్నవారు బ్రిడ్జి కోర్సు నెగ్గి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలోకి రావొచ్చు. శ్రీకాకుళం ప్రభుత్వ పాలిటెక్నిక్, విజయనగరం ఎంఆర్‌ఏజీఆర్ పాలిటెక్నిక్ ఈ చుట్టుపక్కల వారికి అందుబాటులోనివి. డిప్లొమా తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో సీటు. గణితంతో బీఎస్సీ చేసినవారికీ ఈసెట్ తలుపు తెరిచే ఉంది. క్రెడిట్ అన్న పేరు ఎక్కడా వినపడకపోయినా, రెండు చోట్ల ఒక్కో ఏడాది కలిసొస్తుంది. వెల్డరు ట్రేడు ఏడాది కోర్సే కాబట్టి అది మాత్రమే ఉన్నవారికి ఈ మెట్లు అంత సులువు కావు. వయసు ఇరవైలలో ఉండి చదవాలన్న కోరిక ఉంటే ఫిట్టర్ వైపు చూడటం మంచిదని నా సలహా.

కాగితం కన్నా పనిముట్లు, తక్కువ వడ్డీ అప్పు కావాలనుకునే చేతివృత్తులవారికి 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం మెరుగు. దర్జీలు, చేపల వలలు అల్లేవారు, కుమ్మరులు, వడ్రంగులు వంటి 18 వృత్తులకు అది వర్తిస్తుంది. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల స్టైపెండు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉంటాయి. అది చదువు లెక్కలోకి రాదు, జీవనం లెక్కలోకి వస్తుంది.

## టెన్త్, ఇంటర్ లేనివారు

రాజాం ఆమెలాంటివారు ముందు ఓపెన్ స్కూల్ గడప తొక్కాలి. 1991లో మొదలైన ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ, 1989 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఓఎస్, రెండూ చెల్లుతాయి. టెన్త్‌కు కనీస వయసు 14, పైపరిమితి లేదు. ఒకేసారి అన్ని పేపర్లూ నెగ్గాల్సిన పని లేదు. నెగ్గిన సబ్జెక్టు లెక్కలో ఉండిపోతుంది, మిగిలినవి ఐదేళ్లలో పూర్తి చేసుకోవచ్చు.

రెండింట్లో ఏది? తెలుగులో చదవాలి, దగ్గరి హైస్కూల్లోనో జూనియర్ కాలేజీలోనో సెంటరు ఉండాలి, ఎవరైనా మాస్టారు ఎదురుగా చెప్పాలి అనుకుంటే ఏపీ ఓపెన్ స్కూల్. గతంలో మామూలు బోర్డులో కొన్ని సబ్జెక్టులు పాసై ఆగిపోయి, వాటిలో రెండింటి వరకు క్రెడిట్ బదిలీ చేయించుకోవాలనుకునేవారు ఎన్‌ఐఓఎస్‌లో కూడా అడగొచ్చు. ఆ బదిలీ పాత మెమోల మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్నా సరే వెతికి తీయండి. టెన్త్ తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారికి ట్రేడు చదువును కలుపుకుని, భాష వంటి కొన్ని సబ్జెక్టులు రాస్తే ఇంటర్‌కు సమానమైన గుర్తింపు ఇచ్చే ఏర్పాటు కూడా ఎన్‌ఐఓఎస్‌లో ఉంది. కార్ఖానాలో చేరిపోయిన ఐటీఐ కుర్రాళ్లు ప్రమోషన్ ముందు తప్పక చూసుకోవాల్సిన విషయం ఇది.

ఇంటర్ లేకుండానే నేరుగా డిగ్రీ ఇప్పిస్తామనేవాళ్లు ఇంకా ఊళ్లలో తిరుగుతున్నారు. పూర్వం సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ప్రవేశ పరీక్ష రాసి అలా చేరినవారు మనలో చాలామంది ఉన్నారు, ఆ జ్ఞాపకాన్ని పట్టుకునే వీళ్లు నమ్మిస్తారు. ఉద్యోగ నోటిఫికేషన్లు మెట్టుమెట్టు చదువు అడుగుతాయి. అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకు టెన్త్ కావాలి, పైవాటికి ఇంటర్, డిగ్రీ వరసలో కావాలి. మధ్య మెట్టు లేని డిగ్రీతో ధ్రువపత్రాల పరిశీలన దగ్గర ఇబ్బంది పడే కన్నా, ఏడాది పట్టినా ఇంటర్ చేసుకోవడమే నా మాట.

## పని మానకుండా డిగ్రీ

1985లో స్థాపించిన ఇగ్నోకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆంధ్రా విశ్వవిద్యాలయం దూరవిద్య 1972 నుంచి నడుస్తోంది. రెండూ మీ అనుభవానికి నేరుగా క్రెడిట్ ఇవ్వవు. కానీ ముందే తెలిసిన విషయమైతే క్లాసుల కోసం పని మానక్కర్లేదు. ఇగ్నోలో సాధారణంగా అసైన్‌మెంట్లకు 30 శాతం, జూన్ లేదా డిసెంబరులో జరిగే పరీక్షకు 70 శాతం వెయిటేజీ. డిగ్రీని మూడేళ్లలో ముగించొచ్చు, ఆరేళ్ల వరకు సాగదీసుకోవచ్చు. కొట్లో లెక్కలు రాసి రాసి చెయ్యి తిరిగినవారు బీకాంలో అకౌంట్స్ పేపరుకు కొత్తగా కుస్తీ పట్టనక్కర్లేదు. తెలుగులో పుస్తకాలు, తెలుగులో రాసే వీలు కావాలనుకునేవారికి ఆంధ్రా విశ్వవిద్యాలయం దగ్గరి మనిషి లాంటిది. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు, డెబ్ ఐడీ, ముందుగా తీసుకోవాలి. 2022 నుంచి రెగ్యులర్ డిగ్రీతో పాటు దూరవిద్యలో ఇంకో డిగ్రీ కూడా చదవొచ్చు.

సొంతంగా కోడింగు నేర్చుకున్నవారికి నా మొదటి ఓటు మాత్రం ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌కు. 2020లో ప్రకటించిన ఈ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి, వాళ్లు పెట్టే అర్హత పరీక్ష నెగ్గితే చాలు. మధ్యలో ఆపినా ఆ దశకు తగ్గ సర్టిఫికెట్టో డిప్లొమానో వస్తుంది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఫీజులో రాయితీ ఉంది. అడ్డంకి అల్లా ఇంగ్లీషు, ఆపైన ప్రతి వారం తప్పని అసైన్‌మెంట్లు. ఎచ్చెర్ల కుర్రాడు తన డిగ్రీ మానకుండానే రెండోదిగా దీన్ని ప్రయత్నించొచ్చు, కానీ మొదటి సెమిస్టర్‌లో ఒకటి రెండు కోర్సులకు మించి తలకెత్తుకోకూడదు.

## అన్ని దారులకీ అడ్డుపడే చిన్న విషయం

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాను డిజీలాకర్‌లో ఉచితంగా తెరుచుకోవచ్చు. 12 అంకెల నంబరు వస్తుంది, దీన్నే ఏబీసీ నంబరు అంటారు. ఆ బ్యాంకు తానుగా క్రెడిట్ ఏదీ ఇవ్వదు. గుర్తింపున్న సంస్థలు వేసినదాన్ని దాచిపెడుతుందంతే. డబ్బు తీసుకుని ఖాతా తెరిచిపెడతామనే నెట్ సెంటర్ల అవసరం లేదు, ఆధార్‌కు జతైన ఫోను ఉంటే ఇంట్లోనే అయిపోతుంది.

పని ఆగిపోయేది పేరు దగ్గర. మన టెన్త్ మెమోల్లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది, కొన్నిట్లో అసలు ఉండదు. పెళ్లయిన ఆడవాళ్లకు ఆధార్‌లో అత్తింటి పేరు, మెమోలో పుట్టింటి పేరు. స్వయం ఖాతా ఆధార్ పేరుతో తెరిచి, కాలేజీ రికార్డులో మెమో పేరు ఉంటే సర్టిఫికెట్ మీది కాదన్న అనుమానం వస్తుంది, క్రెడిట్ ఖాతాలో పడదు. అందుకే వరస ఇలా పెట్టుకోండి: ముందు ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ టెన్త్ మెమోకు సరిపెట్టించుకోండి. ఆ తర్వాతే డిజీలాకర్, ఏబీసీ నంబరు, స్వయం ఖాతా, డెబ్ ఐడీ తీయండి. టెన్త్ లేనివారు ఓపెన్ స్కూల్ ఫారంలో రాసే పేరే జీవితాంతం వెంట వస్తుంది కాబట్టి, ఆ ఫారం నింపకముందే ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి మూడింట్లోనూ ఒకే అక్షరాలున్నాయో లేదో చూసుకోండి.